అమ్మోనియా వాసన అలవాటైపోతుందిలే అంటే నమ్మొద్దు తమ్ముడూ

తమ్ముడు అడిగింది రొంత కుదించి చెప్తా, మిగతావాళ్ళకీ అర్థమయ్యేట్టు. ఐటీఐలో ఎంఆర్ఏసీ, అదే ఫ్రిజ్, ఏసీ మెకానిక్ కోర్సు చేసినాడు, చిత్తూరు తావ ఒక డైరీలో పాలు చల్లబరిచే అమ్మోనియా ప్లాంట్‌లో హెల్పర్‌గా చేరినాడు. కంప్రెసర్ రూమ్‌లోకి పోతే దినామూ కండ్లు మండతాయి, సీనియర్ ఆపరేటరేమో "అలవాటైపోతుందిలేరా, మాకు కాలేదా" అంటాడు, మాస్క్ ఒక్కటే ఉంటే దాన్ని ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేసుండారు, ఇంట్లో భార్య మానేయమంటా ఉంది. ఇది నిజంగా ప్రాణం తీసే గ్యాసేనా, ఉండాలా మానుకోవాలా అని.

సూటిగా చెప్తా. తీస్తుంది. అట్లని రేపే మానేసి ఇంట్లో కూచోవాల్సిన పని కూడా కాదు ఇది. నేనూ ఇదే లైన్లో హెల్పర్‌గా మొదలుపెట్టి ప్లాంట్ ఇన్‌చార్జ్ దాకా చేసినోణ్ణి, డైరీలు, ఐస్ ఫ్యాక్టరీలు, బంగారుపాళెం పుత్తూరు వైపు మామిడి పల్ప్ వాళ్ళ కోల్డ్ రూములు అన్నీ తిరిగినా, ఇప్పుడు తిరుపతిలో ఉంటా సర్వీస్ పనులు చూసుకుంటా ఉండా. పని బాగా నేర్చుకున్నోడికి ఈ లైన్లో తిండికి లోటు లేదు. కానీ మీ సీనియర్ చెప్పిన ఆ ఒక్క మాట ఉందే, అలవాటైపోతుందని, అది మాత్రం తలకెక్కించుకోవద్దు.

ఎందుకంటే అమ్మోనియా మనకి చేసే ఒకే ఒక్క మేలు ఏందంటే ముందే చెప్పేస్తుంది. గాలిలో 5 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో 5 పాళ్ళు ఉన్నా శానామంది ముక్కుకి తెలిసిపోతుంది. మన పాత ఫ్యాక్టరీల చట్టంలో పెట్టిన ప్రకారం 8 గంటల షిఫ్ట్‌కి సరాసరి హద్దు 25 పీపీఎం, 15 నిమిషాలకి మించకుండా 35. 300 దాటిందంటే ఇంక మాస్క్ లేకుండా అక్కడ ఉండకూడదు, దారి చూసుకోవాల్సిందే. అంటే వాసన తెలిసే కాడికీ ప్రాణం మీదికొచ్చే కాడికీ మధ్యన శానా దూరం ఉండాది, కార్బన్ మోనాక్సైడ్ లాంటి వాటికి ఆ దూరమే లేదు. ఇప్పుడు దినామూ అదే రూమ్‌లో కూచుంటే ఏమవుతుందంటే ముక్కు మొద్దుబారిపోతుంది, గ్యాస్ తగ్గలేదు, నీ ముక్కు చెప్పడం మానేసింది అంతే. ఊపిరితిత్తులు అలవాటు పడవు, కండ్లు అంతకన్నా పడవు. మీ సీనియర్‌కి వాసన రావట్లేదంటే ఆయన గట్టోడని కాదు, ఆయన ఒంట్లో ఉండే అలారం పనిచేయట్లేదని. నమ్మకం లేకుంటే పాల ట్యాంకర్ డ్రైవర్‌నో, లెక్కలు రాసే పిల్లోణ్ణో ఒకసారి కంప్రెసర్ రూమ్ వాకిట్లోకి పిలువు. వాడు లుంగీ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడా, అక్కడ లీకు ఉన్నట్టే.

దినామూ కండ్లు మండతాయంటే దినామూ యాడో ఒకతావ కారతా ఉందని అర్థం, ఇది గుర్తుపెట్టుకో, అమ్మోనియా ప్లాంట్ అంటే వాసన రావడం మామూలే అనేది తప్పు. బాగా మెయింటెయిన్ చేసే ప్లాంట్‌లో వాసన రాదు. సాధారణంగా కంప్రెసర్ షాఫ్ట్ సీల్ దగ్గర, వాల్వ్ గ్లాండ్ల దగ్గర (వాల్వ్ కడ్డీ చుట్టూ ప్యాకింగ్ కూరి బిగించే చోటు), ఫ్లాంజ్ గాస్కెట్ల దగ్గర (పైపులు బోల్టులతో కలిపే చోటు) లీకు ఉంటుంది. కనుక్కోవడానికి గంధకం వత్తులు దొరుకుతాయి, వెలిగించి సన్నగా పొగ వచ్చేటప్పుడు ఒక్కో గ్లాండ్ దగ్గరికీ, ఒక్కో ఫ్లాంజ్ చుట్టూ నిదానంగా తిప్పాల, లీకు ఉన్న చోటికి రాగానే ఆ సన్న పొగ ఒక్కసారిగా తెల్లగా చిక్కబడుతుంది, చూస్తే నీకే తెలుస్తుంది. వత్తి పొగ కూడా గొంతుకి మంచిది కాదు కాబట్టి మొహం దూరంగా పెట్టుకో. లేదా తడిపిన ఎర్ర లిట్మస్ కాగితం, నీలంగా మారితే అక్కడే. శానా గ్లాండ్లు స్పానర్‌తో ఒక పావు తిప్పు బిగిస్తే నిలిచిపోతాయి, నిలవకుంటే ప్యాకింగ్ మార్చాల. ఇంకో మాట, గేజి పోయిందనో నిప్పుల్ దొరకలేదనో ఎవరైనా ఇత్తడి సామాను బిగించినారేమో చూడు, రాగీ ఇత్తడీ అమ్మోనియాకి పనికిరావు, తేమ తగిలితే తినేస్తుంది, ఈ సిస్టమ్‌లో అంతా ఇనుము, స్టీలే ఉండాల. ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు వచ్చి చేసే మేలు ఇదే ఎక్కువ.

సరే లీకులు ఒక ఎత్తు. మనుషులకి నిజంగా ఒళ్ళు కాలేదీ, ప్రాణాలు పోయేదీ యాడ అంటే ఆయిల్ డ్రెయిన్ కాడ. దీన్ని గురించి రొంత పొడుగ్గా రాస్తా, హెల్పర్‌గా చేరిన వాడికి మొదట అప్పజెప్పేది ఆ పనే, "పోయి ఆయిల్ దింపేసి రారా" అని.

కంప్రెసర్‌లో వేసే ఆయిల్ రొంత రొంత గ్యాస్‌తో బాటు సిస్టమ్‌లోకి పోతా ఉంటుంది. అమ్మోనియాలో అది కలవదు, పైగా ద్రవ అమ్మోనియా కన్నా బరువు, అందుకని రిసీవర్, అక్యుములేటర్, చిల్లర్ లాంటి వెసెల్స్, అంటే అమ్మోనియా ఉండే డ్రమ్ముల అడుగున చేరుతుంది. అప్పుడప్పుడు దింపకపోతే కూలింగ్ పడిపోతుంది. ఇప్పుడు ఆలోచించు, నువ్వు వాల్వ్ తెరిచే చోట అడుగున ఆయిల్ ఉంది, దాని నెత్తిన ప్రెషర్‌లో అమ్మోనియా కూచోనుంది. లో సైడ్‌లో, అంటే ప్రెషర్ తక్కువగా, చల్లగా ఉండే వైపు, ఆ ఆయిల్ చలికి గడ్డకట్టిన నెయ్యి మాదిరి అయిపోయి ఉంటుంది. వాల్వ్ తిప్పుతావు, ఏమీ రాదు. ఇంకో చుట్టు తిప్పుతావు, అప్పటికీ రాదు. ఏందిరా ఇది అని పూర్తిగా తెరిచి, కొందరైతే కమ్మీ పెట్టి పొడుస్తారు కూడా, ఆ ముద్ద కాస్తా ఊడింది అనుకో, వెనకున్న అమ్మోనియా అంతా నీ మొహాన. అది మైనస్ 33 డిగ్రీల కాడ మరిగే ద్రవం, ఒక లీటరు బయటికొస్తే 800 లీటర్ల పైన గ్యాస్ అవుతుంది, ఆ రూమ్‌లో నీకు వాల్వ్ కూడా కనపడదు మూయడానికి.

దీన్ని ఎట్ల చేయాలో అట్ల చేస్తే ఏ భయమూ లేదు. ఆయిల్ పాట్ (దింపే ముందు ఆయిల్ చేరే చిన్న కుండ) ఉంటే ముందు వాల్వ్ మూసి వెసెల్ నుంచి దాన్ని వేరుచేసి, పాట్‌ని సక్షన్‌కి, అంటే కంప్రెసర్ గ్యాస్ లాక్కునే లైన్‌కి తెరిచి వదిలేయాల, లోపల మిగిలిన అమ్మోనియా ఆవిరై సక్షన్‌లోకి పోతుంది. పాట్ మీద మంచు కరిగి, చేత్తో తాకితే రూమ్ వేడికి వచ్చిందా అని చూసుకో, అంతదాకా ముట్టొద్దు. ఆ తర్వాత సక్షన్ లైన్ మూసి, అప్పుడు దింపు. తొందర పడేవాళ్ళంతా ఎగరగొట్టేది ఈ మెట్టునే, ఎందుకంటే దీనికి టైమ్ పడుతుంది, అంతసేపు కూచోడానికి ఎవరికీ మనసొప్పదు.

రెండోది, డ్రెయిన్ లైన్ మీద మామూలు స్టాప్ వాల్వ్ తర్వాత స్ప్రింగ్ వాల్వ్ ఒకటి ఉండాల, చెయ్యి పట్టుకున్నంతసేపే తెరుచుకుంటుంది, వదిలితే దానంతట అదే మూసుకుంటుంది. నువ్వు కళ్ళు తిరిగి పడినా, భయపడి పరిగెత్తినా అది మూసుకుంటుంది, దాని పనే అది. నేను పోయిన ఒక ప్లాంట్‌లో ఆ వాల్వ్ హ్యాండిల్‌ని బైండింగ్ వైరుతో కట్టేసి పెట్టుండారు, చెయ్యి నొప్పి పుడుతుందని, ఒకచేత్తో బకెట్ పట్టుకోవాలని. ఆ వైరు తెంపి మేనేజర్ టేబుల్ మీద పెట్టి అప్పుడు పని మొదలుపెట్టినా. మీ తావ అసలు ఆ వాల్వే లేకుంటే అది వేయించేదాకా నువ్వు ఆయిల్ దింపొద్దు, దాని ఖరీదు మీ ప్లాంట్‌లో ఒకరోజు కరెంట్ బిల్లు ముందు లెక్కలోకి రాదు.

ఇంక మిగతావి నీకు తెలిసినవే, ఇద్దరుండాల, మాస్క్ ముందే మొహానికి పెట్టుకోవాల, బీరువాలో కాదు, ఎగ్జాస్ట్ ఆన్‌లో ఉండాల, పైపు మూతికి ఎదురుగా నిలబడకుండా పక్కన నిలబడు, దింపుతా మధ్యలో ఫోన్ వచ్చిందని పోవద్దు. ఇంకోటి, ద్రవం నిండుగా ఉన్న పైపుని రెండు పక్కలా వాల్వులు మూసి వదిలేయొద్దు ఎప్పుడూ. బయట ఎండకి అది వేడెక్కితే ద్రవం వ్యాకోచిస్తుంది, దానికి పోయే దారి లేదు, పైపో వాల్వో పగులుతుంది.

ఎండ అన్నాను కాబట్టి. మన చిత్తూరు ఎండాకాలం సంగతి తెలుసు గదా, ఏప్రిల్ మేలో 40 దాటితే కండెన్సర్, అంటే గ్యాస్ వేడి బయటికి పంపి ద్రవం చేసే భాగం, చాలదు. కండెన్సింగ్ టెంపరేచర్ 35 ఉంటే హెడ్ ప్రెషర్, అంటే కంప్రెసర్ తర్వాతి ప్రెషర్, 180 పీఎస్ఐ ఉంటుంది, అది 40కి పోతే 210 చిల్లర అవుతుంది. దానికితోడు మన బోరు నీళ్ళు ఉప్పు, కండెన్సర్ ట్యూబుల మీద తెల్లగా పాచి మాదిరి గడ్డకట్టి వేడి బయటికి పోనీదు. ఇంకా లోపల గాలి చేరి ఉంటే అదొకటి, పర్జ్ చేయాల, అంటే ఆ గాలి బయటికి వదలాల. అప్పుడు సేఫ్టీ వాల్వ్ లేస్తుంది, లేయాల, దాని పని అది. గ్యాస్ వేస్ట్ అవుతుందని సేఫ్టీ వాల్వ్ కింద ఉన్న స్టాప్ వాల్వ్ మూసేసే మహానుభావులు ఉండారు, చూస్తే అక్కడికక్కడే గొడవ పెట్టుకో, హెల్పర్ అయినా సరే.

కరెంట్ పోవడం గురించి ఎవరూ చెప్పరు, నేను చెప్తా. అమెరికాలో అలబామా రాష్ట్రం, థియోడర్ అనే ఊళ్ళో 2010 ఆగస్టు 23న ఒక పెద్ద కోల్డ్ స్టోరేజీలో జరిగింది ఇది. ముందురోజు కరెంట్ పోయి వచ్చింది, మనకి దినామూ జరిగేదే. కరెంట్ పోయినప్పుడు బ్లాస్ట్ ఫ్రీజర్ ఒకటి హాట్ గ్యాస్ డీఫ్రాస్ట్ (కాయిల్ మీది మంచుని వేడి గ్యాస్‌తో కరిగించడం) మధ్యలో ఉండాది. తిరిగి స్టార్ట్ చేస్తా కంట్రోల్ సిస్టమ్ రీసెట్ చేసేసరికి అది డీఫ్రాస్ట్ మర్చిపోయి నేరుగా కూలింగ్‌కి పోయింది, కాయిల్లో ఉన్న హై ప్రెషర్ వేడి గ్యాస్ చల్లని సక్షన్ లైన్‌లోకి ఒక్కసారి దూసుకుపోయింది, ద్రవం గుద్దుకున్న ఆ దెబ్బకి రూఫ్ మీద 12 అంగుళాల సక్షన్ పైపు పగిలిపోయింది. 32,000 పౌండ్లు, అంటే దగ్గర దగ్గర పద్నాలుగున్నర టన్నుల అమ్మోనియా పోయింది, గాలివాటున ఉన్న వాళ్ళు నూటయాభై మందికి పైగా దాని బారిన పడినారు. అక్కడ ఆపరేటర్లు ఎమర్జెన్సీ స్టాప్ కొట్టకుండా ముందు లీకున్న లైన్ వాల్వులు మూద్దామని చూసినారు, అందుకని ఇంకా ఎక్కువ పోయింది. మనకి దీంట్లో పనికొచ్చేది ఏందంటే, కరెంట్ వచ్చిందనో డీజిల్ జనరేటర్ ఎక్కిందనో గబగబా బటన్లు నొక్కొద్దు, పాలు చెడిపోతాయని సూపర్‌వైజర్ అరుస్తా ఉంటాడు, అరవనీ. యే కాయిల్ డీఫ్రాస్ట్‌లో ఉండె, దాంట్లో ప్రెషర్ ఎంత, నిదానంగా సక్షన్‌కి దింపి, తర్వాత స్టార్ట్ చెయ్యి. పైప్ లైన్లో దడేల్ మని శబ్దం వస్తే "అది ఎప్పుడూ వస్తుంది" అనే మాట కూడా నమ్మొద్దు.

మీది డైరీ గదా, ఐబీటీ ఉంటుంది, అంటే ఐస్ బ్యాంక్ ట్యాంక్, పాలు చల్లబరిచే నీళ్ళ ట్యాంక్. దాంట్లో కాయిల్ చిల్లు పడితే అమ్మోనియా నీళ్ళలోకి పోతుంది, నీళ్ళు దాన్ని తాగేస్తాయి కాబట్టి వాసన కూడా లేటుగా తెలుస్తుంది. వారానికొకసారి ఆ నీళ్ళు రొంత తీసి ల్యాబ్‌లో ఫినాఫ్తలీన్ చుక్క వేయించు, పాల టెస్టుకి వాళ్ళ తావ ఎట్లా ఉంటుంది, గులాబీ రంగు వచ్చిందంటే పీహెచ్ పెరిగిందని, కాయిల్ చూడాల. చిన్న లీకే గదా సీజన్ అయినాక చూద్దాం అనుకుంటారు అందరూ. కెనడాలో ఫెర్నీ అనే ఊళ్ళో ఐస్ స్కేటింగ్ గ్రౌండ్ వాళ్ళు కూడా అట్లే అనుకున్నారు, చిల్లర్ ట్యూబ్ చిన్నగా ఉప్పునీళ్ళలోకి లీకవుతా ఉందని ముందే తెలుసు, అయినా 2017 అక్టోబర్‌లో సీజన్‌కి మళ్ళా స్టార్ట్ చేసినారు, 17వ తేదీ ముగ్గురు పోయినారు. అందులో ఒకాయన రిపేర్‌కి వచ్చిన రిఫ్రిజిరేషన్ టెక్నీషియన్, మన బోటోడే.

ఇప్పుడు లీకైతే ఏం చేయాల. అమ్మోనియా గాలికన్నా తేలిక, పైకి పోతుందిలే, కింద కూచుంటే చాలు అని చెప్తా ఉంటారు. గ్యాస్‌గా ఉన్నప్పుడు నిజమే. కానీ ద్రవం చిమ్మినప్పుడు అది చల్లటి తుంపరలతో కలిసి తెల్లటి మంచు మాదిరి నేలబారున పాకుతుంది, తేలిక అని నమ్మి వంగి కూచున్నోడు అందులోనే మునుగుతాడు. కాబట్టి గాలి ఎటునుంచి వస్తా ఉందో చూసుకుని దానికి అడ్డంగా బయటపడి, ఆ పైన గాలికి ఎదురు పో. దీనికే కంపెనీల్లో విండ్ సాక్ కడతారు, మీ తావ లేకుంటే మీ షెడ్ మీద పాత చీర ముక్క కట్టినా చాలు, గేటు దగ్గర్నుంచి కనపడాల. తడి గుడ్డ ముక్కుకి పెట్టుకుంటే రొంత సాయం చేస్తుంది, నీళ్ళు అమ్మోనియాని బాగా పీలుస్తాయి గదా, కానీ అది బయటికి పరిగెత్తడానికి మాత్రమే, లోపలికి పోవడానికి కాదు. కరోనా నాటి ఎన్-95 మాస్క్ దీనికి ఎందుకూ పనికిరాదు, అది దుమ్ముకి.

ఫైర్ వాళ్ళు నీళ్ళు కొడతారు, నువ్వూ కొట్టొచ్చు, కానీ తుంపర్లుగా గాల్లో ఉన్న మబ్బు మీద కొట్టాల. నేలమీద చేరిన ద్రవం మడుగు మీద మాత్రం నీళ్ళు పోయొద్దు, ఆ నీళ్ళ వేడికి అది ఇంకా ఎక్కువ ఆవిరవుతుంది. ఇంకోటి, మూసిన రూమ్‌లో గాలిలో 15 నుంచి 28 శాతం చేరితే అంటుకుంటుంది కూడా, అందుకే స్విచ్చులు లోపల ఆడించొద్దు, ఎగ్జాస్ట్ స్విచ్చూ ఎమర్జెన్సీ స్టాప్ రెండూ వాకిలి బయట ఉండాల.

పక్కన ప్యాకింగ్‌లో పనిచేసే ఆడవాళ్ళని మర్చిపోవద్దు. 2020 ఆగస్టులో మన పూతలపట్టు మండలం బండపల్లి తావ డైరీలో అమ్మోనియా లీకైనప్పుడు ఆస్పత్రిలో చేరింది ఎక్కువగా ఆడకూలీలే. వాళ్ళకి గ్యాస్ పేరు ఎవరూ చెప్పుండరు, యే గేటు నుంచి పోవాలో కూడా చెప్పుండరు శానా కంపెనీల్లో. దానికితోడు సామాను పోతుందని వెనక తలుపు తాళాలు వేస్తారు చూడు, అది ఎంత ప్రమాదమంటే చైనాలో జిలిన్ రాష్ట్రంలో 2013 జూన్ 3న కోళ్ళ ఫ్యాక్టరీలో మంటలూ అమ్మోనియా రెండూ కలిసినప్పుడు తలుపులు వేసుండటం వల్ల 121 మంది చనిపోయినారు. నీ చేతిలో ఉన్నంతలో ఒక పని చెయ్యి, నీకు తెలిసిన అక్కలతో "తెల్లగా పొగ వస్తే పాల క్యాన్లు వదిలేసి ఫలానా వైపుకి పోండి" అని నోటిమాటగా చెప్పి పెట్టు.

మీద పడితే నీళ్ళు, నీళ్ళు, నీళ్ళు. కంట్లో పడితే రెప్పలు చేత్తో విడదీసి పట్టుకుని 15 నిమిషాలకి తగ్గకుండా కడగాల, వాచీ చూసుకుని, వాడు వద్దన్నా వదలొద్దు. యాసిడ్ కన్నా ఇది కంటికి చెడ్డది, క్షారం కాబట్టి లోపలికి దిగతానే పోతుంది, మొదటి నిమిషంలో పోసిన నీళ్ళే చూపు కాపాడతాయి, ఆస్పత్రికి పోయినాక కడగొచ్చులే అంటే అయిపోయినట్టే. బట్ట ఒంటికి గడ్డకట్టి అతుక్కుంటే లాగొద్దు, నీళ్ళు పోసి వదులయినాక తియ్యి. వెన్న, నిమ్మకాయ, బర్నాల్ ఏమీ వద్దు. ఇక్కడ మన ఊరి తిప్పలొకటి చెప్తా, ఐ వాష్ పైపుని శానా తావల మిద్దె మీద నల్ల ట్యాంక్‌కి కలిపుంటారు, మే నెల మధ్యాన్నం ఆ ట్యాప్ తిప్పితే కాగే నీళ్ళొస్తాయి, వాడు కళ్ళు పెట్టలేక పక్కకి పోతాడు. ట్యాంక్ నీడన ఉండాల, పైపు పూడ్చుండాల, పొద్దన్నే షిఫ్ట్ ఎక్కగానే ఒక నిమిషం తిప్పి వదలాల. అది నువ్వే చెయ్యొచ్చు, ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

పీల్చినోడు రొంతసేపటికి బాగుండా అంటాడు, బండెక్కి ఇంటికి పోతానంటాడు. పంపొద్దు. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కొన్ని గంటలైనాక, ఒక్కోసారి మర్నాటికి తెలుస్తుంది. చిత్తూరు పెద్దాస్పత్రో, తిరుపతి రుయానో, స్విమ్సో, వేలూరు సీఎంసీనో, ఏది దగ్గరుంటే అది, కూచోబెట్టి తీసుకుపో, డాక్టర్‌కి "గ్యాస్" అని ఊరుకోకుండా అమ్మోనియా అని పేరు చెప్పు.

మాస్క్ విషయం. ఫుల్ ఫేస్ మాస్క్ కావాల, కండ్లు కూడా మూసేది, దానికి బిగించే క్యానిస్టర్ (గాలి వడకట్టే డబ్బా) మీద కె అనే అక్షరం, ఆకుపచ్చ పట్టీ ఉంటుంది, అది అమ్మోనియాకి. పెయింట్ వాళ్ళు వాడే గోధుమరంగు పట్టీది దీనికి పనిచేయదు. డేటు చూడు, సీల్ తెంపి ఎన్నాళ్ళయిందో చూడు, బీరువాలో ఉన్నది యే కాలందో ఎవరికి తెలుసు. క్యానిస్టర్ మాస్క్ చిన్న లీకులకీ బయటపడటానికీ మాత్రమే, మబ్బు మాదిరి కమ్ముకున్న రూమ్‌లోకి పోవాలంటే సిలిండర్ వీపుకి తగిలించుకునే ఎస్‌సీబీఏ ఉండాల, రెండు సెట్లు ఉండాల, బయట ఒకడు రెడీగా ఉండాల. లేకుంటే ఫైర్ స్టేషన్ 101కి కొట్టు, వాళ్ళొచ్చేదాకా ఎవరూ పోవద్దు, లోపల మీ సొంత అన్నున్నా సరే, చెప్పడానికి కష్టంగానే ఉంది గానీ ఇంతే.

గడ్డం ఉంటే మాస్క్ సీల్ కాదు, ఇది మన తావ పెద్ద చిక్కు. కొండకి మొక్కుకుని పెంచుతా ఉంటారు, కార్తీకం వస్తే అయ్యప్ప మాల వేసి గడ్డమూ పెంచి చెప్పుల్లేకుండా కంప్రెసర్ రూమ్‌లోకి వస్తారు. భక్తిని నేను తప్పు పట్టను, నేనూ మాల వేసినోణ్ణే, కానీ ఆ రోజుల్లో మాస్క్ అవసరమయ్యే డ్యూటీ, ముఖ్యంగా ఆయిల్ డ్రెయిన్, వేరేవాళ్ళకి మార్చుకోవాల. సూపర్‌వైజర్ ఒప్పుకుంటాడు, స్వామి అడిగితే ఎవరూ కాదనరు.

పక్కదారి పడుతుంది గానీ ఒకటి చెప్పాల. నాకు అమ్మోనియా కన్నా మీ డైరీ వెనకాల ఉండే ఈటీపీ గుంట, అదే మురుగు నీళ్ళు శుద్ధి చేసే గుంటంటే భయం. 2018 ఫిబ్రవరిలో పలమనేరు మండలం మొరం కాడ కోళ్ళ ఫ్యాక్టరీలో మురికి ట్యాంక్ శుభ్రం చేయబోయి ఏడుమంది చనిపోయినారు. అట్లాంటి గుంటల్లో పుట్టేది హైడ్రోజన్ సల్ఫైడ్, కుళ్ళిన కోడిగుడ్ల వాసన మొదట్లోనే, 100 పీపీఎం దాటితే ముక్కు చచ్చిపోతుంది, వాసన పోయింది బాగుందిలే అనుకుని దిగుతారు. అమ్మోనియా ఒక్కసారిగా పట్టుకున్నా నీకు దగ్గు వచ్చి బయటికి తరుముతుంది, హైడ్రోజన్ సల్ఫైడ్ తరమదు, కూలబడేస్తుంది. ప్లాంట్ హెల్పర్ ఖాళీగా ఉండాడు గదా అని నిన్ను ఆ గుంటలోకి దిగమంటే, గ్యాస్ మీటర్ పెట్టి చూడకుండా, బెల్టూ తాడూ లేకుండా దిగొద్దు. ఆ ఉద్యోగం ఆ నిమిషమే మానేసినా నేను తప్పు అనను.

చట్టం గురించి రెండు ముక్కలు. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి ప్రమాదకరమైన పనుల మీద కొత్త చాప్టర్ పెట్టినారు. అందులో 41-హెచ్ సెక్షన్ ఏమనిందంటే ప్రాణానికి ముప్పు ఉందని అనిపిస్తే కార్మికుడు మేనేజర్‌కి చెప్పొచ్చు, అదే టైమ్‌లో ఇన్‌స్పెక్టర్‌కీ చెప్పొచ్చు. 2025 నవంబర్‌లో ఆ చట్టం బదులు అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లో కూడా ఆ హక్కు ఉంచినారు. నోటితో చెప్తే గాలికి పోతుంది, తెల్లకాగితం మీద రాసి ఇచ్చి ఇంకో కాపీ మీద సంతకం పెట్టించుకో, బెదిరించినట్టు కాదు, "సార్ ఆయిల్ డ్రెయిన్‌కి స్ప్రింగ్ వాల్వ్ వేయించండి, మాస్క్ వాకిలి బయట పెట్టించండి" అని వినయంగానే రాయి. కాంట్రాక్టర్ కింద ఉన్నా ఈఎస్ఐ కట్టించాల, జీతం 21,000 లోపు ఉంటే నీకు వర్తిస్తుంది, పనిలో దెబ్బ తగిలి ఇంట్లో ఉంటే జీతంలో 90 శాతం వస్తుంది. పేస్లిప్‌లో కట్ అవుతా ఉందో లేదో చూసుకో, కట్ అయ్యి అక్కడ కట్టని వాళ్ళు కూడా ఉండారు, నీ ఈఎస్ఐ నంబర్ కొట్టి చూస్తే తెలిసిపోతుంది.

ఉండాలా మానుకోవాలా అన్నావు. లీకులు బాగు చేయడానికి ఒప్పుకుని, మాస్క్ బీరువాలోంచి బయటికి తెచ్చే మేనేజ్‌మెంట్ అయితే ఉండు, పని నేర్చుకో, మీ ఇంట్లో మా చెల్లెలికి, అదే నీ భార్యకి కూడా ఇదే చెప్పు. కాగితం ఇచ్చినాక కూడా "ఇష్టముంటే చెయ్యి లేకుంటే పో" అంటే ఇంకో ప్లాంట్ చూసుకో, ఈ చుట్టుపక్కల పని తెలిసిన వాళ్ళ కోసం వెతుక్కుంటా ఉండారు. నీకు ముందునుంచీ ఆయాసం, ఉబ్బసం ఉంటే మాత్రం ఈ లైనే వద్దు, ఏసీ సర్వీస్ వైపు మళ్ళిపో.

రేపు షిఫ్ట్‌కి పోయినప్పుడు మీ ఆయిల్ డ్రెయిన్ లైన్ ఫోటో ఒకటి తీసి పంపు, వెసెల్ కాడ్నించి పైపు మూతి దాకా వాల్వులన్నీ కనపడాల, ఆయిల్ పాట్ సక్షన్‌కి కలిపుండారో లేదో అది కూడా. చూసి ఏం మార్చాలో రాస్తా. అంతదాకా ఎవరు చెప్పినా దాన్ని ముట్టొద్దు.